ఒక్కపూట గది

తలుపు తెరుచుకుంది గానీ గుమస్తా బయటికి రాలేదు.

వజ్రమ్మ గడప ఇవతల రెండు చేతులూ చాచుకుని నిలబడింది. గుమస్తా అంటే, పొద్దున టిఫిన్ల వేళకు ఆ గదిలోకి పంపిన ఆవిడ కుక్క. పంపేటప్పుడు తోక ఊపుకుంటూ, ఆవిడ చెయ్యి నాకి మరీ వెళ్ళాడు. ఇప్పుడు భోజనాల వేళైంది. ఈ మధ్యలో ఆవిడ చేసిందల్లా గది ముందున్న కెమెరాకు చెయ్యి ఊపి, కింద క్యాంటీనుకు పోయి, అక్కడిచ్చింది కాఫీ కాదు కషాయమని కూతురితో గొడవపడటం. ఆ కాస్త వేళలోనే లోపల ఆ కుక్కకు ఆరు నెలలు గడిచిపోయాయి.

"రారా నాయనా. నేనేరా," అంది.

గుమస్తా గది మధ్యలో కూర్చుని ఆవిడ వంక చూశాడు. చూసి, తల పక్కకు తిప్పుకున్నాడు. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. మూతి చుట్టూ నెరిసింది. ముందు కాళ్ళ గోళ్ళు మొదలంటా అరిగి, వేళ్ళ చివర్లు ఎండిన నెత్తురుతో నల్లబడ్డాయి. పిలిస్తే రాకపోవడమన్నది వాడి పుట్టుకలో లేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. లేకపోతే ఆవిడ కోపం ఎంతదో ఎవరికీ తెలియదు.

నరసరావుపేట కాలేజీ రోడ్డులో వజ్రమ్మ మెస్సంటే తెలియని కుర్రాడు ఉండడు. వడ్డించేటప్పుడు ఎంత చెయ్యో, తిట్టేటప్పుడు అంత నోరు. "తినలేనోడివి కంచంలోకి ఎందుకు పెట్టించుకున్నావురా, మీ నాయన నిన్ను పంపించింది కూర పారెయ్యటానికా" అని మొదలుపెడితే ఆ వీధి చివర దాకా వినపడేది. మొగుడు పోయాక ఆ నోటితో, ఆ చేత్తోనే కూతురు నాగలతను చదివించింది. ఆ మెస్సు గడప మీద ఒక గోధుమరంగు ఊరకుక్క కూర్చునేది. లోపలికి వచ్చే ప్రతివాడి కాళ్ళూ వాసన చూసి, సరేననుకుంటే పక్కకు జరిగి దారిచ్చేది. నచ్చకపోతే కదిలేది కాదు. ఆఫీసులో సంతకం కానిదే ఎవణ్ణీ పోనివ్వని గుమస్తాలాగా ఉన్నాడని కుర్రాళ్ళే వాడికి గుమస్తా అని పేరు పెట్టారు. వజ్రమ్మ పొద్దస్తమానం తిడుతుంటే వాడికి అదే జోలపాట. గడప మీద తల వాల్చి ఆ తిట్లు వింటూ కునుకు తీసేవాడు.

మోకాళ్ళు అరిగిపోయి మెస్సు మూసేశాక, "నా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అంది నాగలత. ఆమె ఉద్యోగం ఓరెన్ అనే ద్వీపదేశంలో, ఓడరేవు పక్కనున్న పెద్ద ప్రయోగశాలలో. వజ్రమ్మ పెట్టిన షరతు ఒక్కటే. గుమస్తా కూడా వస్తాడు.

షరతు చెప్పినంత సులువు కాదది. ఓరెన్‌లో పిచ్చికుక్క రోగమన్నది పుట్టి ఎరగరు. ఆ రోగం ఒంట్లో నెలల తరబడి నక్కి ఉండగలదు కాబట్టి, బయటినుంచి ఏ కుక్క వచ్చినా ఆరు నెలలు విడిగా బోనులో ఉంచాల్సిందేనని అక్కడి చట్టం. "ఇప్పుడు ఆ బాధ లేదమ్మా. మేం ఒక గది కట్టాం. ఒక్క పూట చాలు," అని నాగలత ఫోనులో గొప్పగా చెప్పింది.

దిగిన రోజే ప్రయోగశాలకు తీసుకెళ్ళి చూపించింది కూడా. బల్ల మీద ఒక చిన్న ఇనప్పెట్టె. అందులో పచ్చి అరటికాయ పెట్టి తలుపు మూసి మీట నొక్కింది. వజ్రమ్మ పమిట సర్దుకునేలోగా తలుపు తీసింది. కాయ మాగి, నల్లబడి, మెత్తగా కారిపోతోంది. పెట్టెలో కాలం బయటికంటే వేగంగా పరుగెత్తుతుందట. పెద్ద గది కూడా ఇట్టాంటిదే. బయట పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గడిస్తే లోపల ఆరు నెలలు. రోగముంటే ఆ ఆరు నెలల్లో బయటపడుతుంది. లేకపోతే కుక్కను సాయంత్రానికి ఇంటికి తీసుకుపోవచ్చు. అక్కడి జనం దానికి ఒక్కపూట గది అని ముద్దుగా పేరు కూడా పెట్టుకున్నారు.

"బాగానే ఉందే. మరి వాడు అన్నాళ్ళు ఒక్కడే ఏం చేస్తాడే లోపల?" అని వజ్రమ్మ అప్పుడే అడిగింది.

"నిద్రపోతాడమ్మా. మందిస్తాం. పడుకుని లేచినట్టుంటుంది వాడికి," అంది నాగలత.

అదీ జరిగింది. ఇప్పుడు పడుకుని లేచిన కుక్క ఎదురుగా కూర్చుని ఉంది, గోళ్ళు అరగదీసుకుని.

వజ్రమ్మ లోపలికి పోబోతుంటే ఒక చెయ్యి అడ్డొచ్చింది. ప్రయోగశాల పెద్ద, డాక్టర్ ఎల్డన్. పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ మడత నలగని మనిషి. చేతిలో కంప్యూటరు పలక చూసుకుంటూ నాగలతతో ఏదో చెప్పాడు. నాగలత మొహం పాలిపోయింది.

"ఏందే? ఏమంటున్నాడు?"

"వాడికి ఏ రోగమూ లేదమ్మా. ఆఖరి పరీక్షలో కడిగిన ముత్యంలాగా ఉన్నాడు. కానీ..." నాగలత గొంతు తగ్గించింది. "గదిలోకి పోయే ముందు తీసిన పరీక్షలో, వాడి కడుపులో ఈ దేశం పట్టికలో లేని క్రిములేవో ఉన్నాయంట. ఆ ఫలితం ఇప్పుడొచ్చింది. మొదలు శుభ్రంగా లేకపోతే ఈ ఆరు నెలలూ చెల్లవు. రేపు పొద్దున మళ్ళీ లోపలికి పంపాలి."

"ఇప్పుడు శుభ్రంగా ఉన్నాడు గదా?"

"ఉన్నాడు. కానీ చట్టం అట్టా ఉంది."

"అయితే మాకొద్దీ దేశం. వాణ్ణి తీసుకుని మా ఊరికి పోతా."

"అనుమానం రాసిన జంతువును ఏ విమానమూ ఎక్కించుకోదమ్మా. గదిలోకన్నా పోవాలి, లేదా... సూది వేసి శాశ్వతంగా పడుకోబెట్టేస్తారు."

వజ్రమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎల్డన్ వైపు తిరిగి మొదలుపెట్టింది. కుక్కను మళ్ళీ పంపడమంటే ఏమిటో నీకు తెలుసా అంది. నీ ఇంట్లో మనిషిని ఆరు నెలలు జైల్లో పెట్టి, నిర్దోషివేలే గానీ జైలుకొచ్చిన రోజు నీ చొక్కా మాసి ఉంది, మళ్ళీ మొదట్నుంచి కూర్చోమంటే ఊరుకుంటావా అంది. వాడి మూతి చూడు, పొద్దున నల్లగా ఉన్న మూతి అంది. ఎద్దు పుండు కాకికి ముద్దా అని కూడా అంది. ఎల్డన్ మర్యాదగా తల ఊపుతూ విని, అర్థం చెప్పమన్నట్టు నాగలత వంక చూశాడు. నాగలత రెండు ముక్కలు చెప్పింది. ఆయన చిరునవ్వు నవ్వి వెళ్ళిపోయాడు.

"ఏమని చెప్పావే?"

"మా అమ్మ బాధపడుతోందని చెప్పా."

"నేనింతసేపు గొంతు చించుకుంటే నువ్వు రెండు ముక్కలే చెప్పావా?"

నాగలత ఎల్డన్ పోయిన వైపు చూసింది. ఉద్యోగం చేసేవాళ్ళ మొహం అది. ఆ మొహం మీద వజ్రమ్మకు ఇంకా కోపం వచ్చింది.

సాయంత్రం ఇంట్లో అన్నం ఉడుకుతుంటే అసలు గొడవ బయటపడింది. పట్టికలో లేని ఆ క్రిములు పెరుగువట. అదీ ఇంట్లో తోడేసిన పెరుగు.

"నువ్వేమన్నా పెట్టావా వాడికి?" అంది నాగలత. "వారం రోజులు నేను పంపిన బిస్కెట్లు తప్ప ఏమీ పెట్టొద్దని పదిసార్లు చెప్పానా లేదా?"

వజ్రమ్మ కూర కలిపే గరిటె ఆపింది. "బయల్దేరే రోజు పెరుగన్నం పెట్టా."

"అమ్మా."

"ఏంది అమ్మా? ప్రయాణమై పోయేవాడికి పెరుగన్నం తినిపించకుండా గడప దాటిస్తానా? పరీక్షకు పోయేటప్పుడు నీకు పెట్టలా? మీ నాయనకు ఆస్పత్రికి పోయేటప్పుడు పెట్టలా?"

"ఆ ఒక్క ముద్ద వల్ల వాడికి ఇంకో ఆరు నెలలు పడ్డాయి. నీ చేతులతో నువ్వే పెట్టావు."

ఆ మాట సూటిగా పోయి తగిలింది. వజ్రమ్మ గరిటె గిన్నెలో పడేసింది.

"ఆ గిన్నెలోదే నేనూ తిన్నా. మిగిలిన ముద్ద డబ్బాలో తెస్తే ఇక్కడ నువ్వూ తిన్నావు, పారెయ్యటమెందుకని. నీ దేశంవాళ్ళు విమానం దిగిన కాడ నాకు దండం పెట్టి లోపలికి పంపారు. నా కడుపులో లేవా ఆ పురుగులు? నా కడుపు ఎవరూ వెతకలేదే. నోరు లేనిది గదా అని దాన్ని పట్టుకున్నారు." ఊపిరి తీసుకుంది. "అది నా తప్పే, ఒప్పుకుంటా. నీ సంగతి చెప్పు. నిద్రపోతాడన్నావు. నిద్రపోయినోడి గోళ్ళు ఎట్టా అరిగినయ్?"

నాగలత పొయ్యి కట్టేసింది. ఆఖరికి చెప్పింది. మందేమీ ఇవ్వరు. నిద్రలో ఉన్న జంతువులో రోగం సరిగ్గా తేలదు. మెలకువగా ఉండాలి, తినాలి, తిరగాలి. యంత్రం తిండి వేస్తుంది, నీళ్ళు పోస్తుంది, లైటు వేసి ఆర్పుతుంది. "నువ్వు ఒప్పుకోవని అట్టా చెప్పానమ్మా. వాడికి భయం వెయ్యకూడదని నేనే పోట్లాడి లోపల ఒక తెర పెట్టించా. బయట గది ముందు నిలబడ్డవాళ్ళు ఆ తెర మీద కనపడతారు. మనవాళ్ళు కనపడుతుంటే ధైర్యంగా ఉంటుందని."

"లోపల వాడేం చేశాడో ఎవరన్నా చూశారా?"

"రికార్డవుతుంది. కానీ ఆరు నెలల బొమ్మ ఎవరు చూస్తారమ్మా? యంత్రమే చూసి, బరువూ జ్వరమూ రాసిస్తుంది."

"నువ్వెప్పుడన్నా లోపల కూర్చున్నావా?"

నాగలత తల అడ్డంగా ఊపింది. ఆ పూట అన్నం ఇద్దరూ తినలేదు. గిన్నె గిన్నెగానే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున వజ్రమ్మ ప్రయోగశాలకు సంచులతో వచ్చింది. బియ్యం, పప్పులు, ఊరి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి జాడీ, చిన్న కరెంటు పొయ్యి, రక్తపోటు మాత్రలు, చాప. నాగలత ఆ సంచులు చూసి ముందు తెల్లబోయింది, తర్వాత సంగతి అర్థమై దారికి అడ్డం నిలబడింది.

"నీకేమన్నా పిచ్చా? మనుషులెవరూ లోపల అన్నాళ్ళు లేరు. అరవై దాటినదానివి. పోతే నేను పోతా."

"నువ్వు పోతే తలుపు ఎవరు తీస్తారే? నీ పెద్దాయనా? ఈ దేశంలో నేను నమ్మేది నిన్నొక్కదాన్నే. నిన్నటితో అదీ సగమైంది," అంది వజ్రమ్మ. "అడుగు. మనిషి పోగూడదని మీ చట్టంలో ఉందా?"

లేదు. మనిషి పోతానంటాడని చట్టం రాసినవాళ్ళకు తట్టలేదు. ఎల్డన్ వచ్చాడు, విన్నాడు. కాదంటాడని నాగలత ఆశపడింది. ఆయన కాదనలేదు. వజ్రమ్మను నఖశిఖపర్యంతం చూసి, నెత్తురు తీయించి, గుండె చూయించి, ఇష్టపూర్వకంగానే పోతున్నానని కెమెరా ముందు చెప్పించుకుని, సరేనన్నాడు. అంత తొందరగా సరేనన్న పెద్దమనిషిని వజ్రమ్మ జన్మలో చూడలేదు. ఎందుకన్నాడో అప్పుడు ఆలోచించే ఓపిక లేదు. ఆవిడ కళ్ళు బోనులో ముడుచుకుని పడుకున్న గుమస్తా మీదే ఉన్నాయి.

"లోపల ఎర్ర మీట ఉంది. ప్రాణం మీదికొస్తే నొక్కు, తలుపు తెరుచుకుంటుంది," అంది నాగలత. "కానీ మధ్యలో తెరిస్తే ఈసారీ చెల్లదు. మూడోసారి ఉండదు. వాణ్ణి..."

"తెలిసింది."

"నేను తెర ముందే ఉంటానమ్మా."

"ఉండి ఏం చేస్తావు? నిన్న నేను తాగానుగా కషాయం, ఇవ్వాళ నువ్వు తాగు," అని వజ్రమ్మ లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

గది మెస్సు వంటిల్లంత ఉంది. తెల్లటి గోడలు, మూలన కొళాయి, దానికి పరదా. ఒక గోడకు తెర. గుమస్తా పోయి అన్నిటికంటే దూరపు మూలలో, గోడ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. వజ్రమ్మ పిలవలేదు. చాప పరిచింది, బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది. అప్పుడు తెర వంక చూసింది.

నాగలత కనపడింది. చెయ్యి సగం పైకెత్తి, బొమ్మలాగా నిలబడి ఉంది. వజ్రమ్మ చెయ్యి ఊపింది. అవతల చలనం లేదు. ఎసరు మరిగి, అన్నం ఉడికి, వార్చి, తిని, కంచం కడిగి వచ్చి చూస్తే ఆ చెయ్యి కంటి దాకా వచ్చి ఉంది. కూతురు కళ్ళు తుడుచుకుంటోంది. ఆ తుడుచుకోవడం ఆ రోజు చీకటి పడేదాకా సాగింది.

అప్పుడు తెలిసింది వజ్రమ్మకు. నిన్న తాను ఈ కెమెరా ముందే నిలబడి చెయ్యి ఊపింది. తర్వాత వెనక్కి తిరిగి, కాఫీకి నడిచిపోయింది. బయట అది ఎంతసేపు? రెప్పపాటు. ఇక్కడ వాడు తన వాళ్ళ మొహం చూసి తెర దగ్గరికి పరుగెత్తి ఉంటాడు. ఆ మొహం పలకలేదు. అరిచినా పలకలేదు. తర్వాత ఆ మొహం మెల్లగా, అన్నం ఉడికేంత సేపు, వాడి కళ్ళ ముందే వెనక్కి తిరిగి వీపైంది. ఆ వీపు ఒక పూటంతా కొంచెం కొంచెంగా చిన్నదై పోయింది. ఆ తర్వాత ఆరు నెలలూ ఖాళీ వరండా.

లేచి తెర కిందికి పోయి చూసింది. తెర అద్దం మీదా, దాని కింది గోడ మీదా గీతలు. ఒకటి మీద ఒకటి, రంగు పోయి లోపలి రేకు బయటపడేదాకా. గుమస్తా ముందుకాళ్ళు ఎత్తి నిలబడితే ఎంత ఎత్తుంటాడో అంత ఎత్తున. సరిగ్గా మొహం కనపడేచోట. ఒకచోట రేకు మీద నెత్తురు ఎండి ఉంది.

వజ్రమ్మ అక్కడే కూలబడింది. "నేను కాఫీకి పోయాన్రా," అంది మూలనున్న కుక్కతో. "ఆ పాడు కాఫీ కోసం పోయా." వాడు కదల్లేదు.

రోజులు గడిచాయి. అన్నం పెడితే, ఆవిడ పడుకున్నాక వచ్చి తినేవాడు. దగ్గరికి పోతే లేచి ఇంకో మూలకు పోయేవాడు. బతిమాలింది, ముద్దుగా పిలిచింది, తాను ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడింది. లాభం లేదు. ఒకరోజు కందిపప్పు ఏరుతూ కూర్చుంది. రాళ్ళు ఏరుతుంటే ఎల్డన్ గుర్తొచ్చాడు. కడుపు మండి, గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టింది. ఆయన ఇస్త్రీ చొక్కాను తిట్టింది. ఆయన చట్టాన్ని, పట్టికను, నవ్వును పేరుపేరునా తిట్టింది. కూతుర్ని తిట్టింది. పెరుగన్నం పెట్టిన తన చేతిని తిట్టుకుంది. మెస్సులో లాగా గది మారుమోగేట్టు తిట్టి, గుక్క తిప్పుకోవడానికి ఆగి చూస్తే, గుమస్తా మూల వదిలి తలుపు దగ్గర గడప మీద పడుకుని ఉన్నాడు. తల కాళ్ళ మీద వాల్చి, చెవులు ఆవిడ వైపు పెట్టి. వాడికి తెలిసిన వజ్రమ్మ తిట్టే వజ్రమ్మే. ఈ మెత్తటి ముసల్ది ఎవరో వాడికి ఇన్నాళ్ళూ తెలియలేదు.

ఏడుపొచ్చింది గానీ ఆవిడ తిట్టడం ఆపలేదు. ఆ సాయంత్రం వాడొచ్చి చాప అంచున పడుకున్నాడు.

తెర మీద నాగలత కదల్లేదు. కాఫీకి పోలేదు, కూర్చోలేదు. ఆమె రెప్ప వేసి తెరవడం వజ్రమ్మ ముఖం కడుక్కునేంత సేపు పట్టేది. ఒకసారి ఆమె కంట్లోంచి నీటిబొట్టు బయల్దేరి గడ్డం చేరేసరికి, వజ్రమ్మ పప్పు తాలింపు వేసి దించింది. కూతురి మీద కోపం నిండుగా ఉంది లోపల. కానీ పొద్దున లేవగానే ఆ మొహం అక్కడే ఉండేది, రాత్రి పడుకునేటప్పుడూ అక్కడే ఉండేది. ఎంత కోపమైనా రోజూ ఎదురుగా నిలబడ్డ మనిషి మీద ఆరు నెలలు నిలవదు. అది మెల్లగా ఎవరికి చెందాలో వాళ్ళ వైపు పోయింది.

సగం పైన గడిచాక కొళాయి దగ్గర కాలు జారింది. చీలమండ బూరెలాగా పొంగింది. జ్వరం వచ్చింది. పాక్కుంటూ పోయి పొయ్యి వెలిగించుకోవాల్సి వచ్చింది. ఎర్ర మీట చేతికందే దూరంలో ఉంది. నొక్కితే కూతురుంది, డాక్టర్లున్నారు, మెత్తటి పరుపుంది. గుమస్తా వచ్చి ఆ వాచిన కాలు పక్కన కూర్చుని, మీట వంకా ఆవిడ వంకా చూడలేదు, ఊరికే కూర్చున్నాడు. వజ్రమ్మ మీట మీద తడిగుడ్డ ఆరేసింది, కంటికి కనపడకుండా. తర్వాత ఆ కాలు వంకరగానే అతుక్కుంది.

తలుపు తెరుచుకున్న రోజున గుమస్తా ఆవిడ పక్కనే నడిచి బయటికి వచ్చాడు.

నాగలత పొద్దున కట్టుకున్న బట్టల్లోనే ఉంది. కదలకుండా నిలబడి పాదాలు వాచాయి. తల్లిని చూసింది. పొద్దున లోపలికి పోయేటప్పుడు రంగు వేసిన నల్లటి జుట్టు. ఇప్పుడు నెత్తి నుంచి చెవుల దాకా తెలుపే. మనిషి చిక్కిపోయింది, కుంటుతోంది.

"అమ్మా, రాత్రి నేనన్న మాట..."

"నీకు రాత్రి. నాకు ఆరు నెలలయ్యె," అంది వజ్రమ్మ. వాడక వాడక గొంతు బొంగురుపోలేదు, తిట్టి తిట్టి బొంగురుపోయింది. "ఆ గొడవ ఎప్పుడో అయిపోయింది లే. నిలబడే ఉన్నావు. చూశా."

కుక్క పరీక్షలు రెండూ, లోపలికి పోకముందుదీ ఇప్పటిదీ, శుభ్రంగా వచ్చాయి. పరీక్షల కోసం వజ్రమ్మ చుట్టూ కూడా నలుగురు మూగారు. నెత్తురు తీశారు, కళ్ళలో లైటు వేశారు, గుండె విన్నారు. ఎల్డన్ చప్పట్లు కొడుతూ వచ్చాడు. మొహం పెళ్ళికొడుకు మొహంలాగా వెలిగిపోతోంది. నాగలతతో చాలాసేపు మాట్లాడాడు. నాగలత వింటూ వింటూ గోడకు ఆనుకుంది.

"చెప్పు," అంది వజ్రమ్మ.

"మనిషి లోపల ఆరు నెలలు ఉండి ఆరోగ్యంగా బయటికి రాగలడని నువ్వు రుజువు చేశావంట. ఇన్నాళ్ళూ ఒప్పుకునే మనిషి దొరకలేదంట. ఇకమీదట ఈ దేశానికి పనికోసం వచ్చేవాళ్ళందర్నీ, ఓడల్లో వచ్చేవాళ్ళనీ, రోగాలు తేల్చుకోటానికి ముందు ఒక్కపూట గదిలో పెట్టి తర్వాత లోపలికి రానిస్తారంట. పొద్దున పోతే మధ్యాహ్నానికి బయట. ఎవరికీ ఒక్క రోజు కూడా నష్టం లేదు అంటున్నారు."

అంత తొందరగా సరేనన్నది ఎందుకో వజ్రమ్మకు ఇప్పుడు తెలిసింది. కుక్క కోసం పోయింది తాను. ఆ మనిషి తనను పెట్టెలో అరటికాయలాగా పెట్టి చూశాడు.

"నేను మాట్లాడతా," అంది. "నువ్వు చెప్పు. ఈసారి రెండు ముక్కలు చెప్పావంటే నేను నీ తల్లిని కాదు."

"చెప్తానమ్మా."

"ఎవరికీ నష్టం లేదంటున్నాడు. నా జుట్టు చూడమను. నా కాలు చూడమను. వాడి మూతి చూడమను, మూడేళ్ళ కుక్క అది, రెండు పూటల్లో ముసలిదైంది. గడియారం తన చేతికి ఉంది కాబట్టి నష్టం లేదంటున్నాడు. లోపలున్నోడి ఆయుష్షు ఎవడబ్బ సొమ్మని అడుగు. పెళ్ళాం బిడ్డల్ని వదిలి కూలికొచ్చేవాణ్ణి నీ గుమ్మంలో ఆరు నెలలు ముసలాణ్ణి చేసి, పూట కూడా పట్టలేదని చెప్తావా అని అడుగు."

నాగలత చెప్పింది. తల్లి ఎంతసేపు మాట్లాడిందో కూతురూ అంతసేపు మాట్లాడింది. మధ్యలో ఎల్డన్ చెయ్యెత్తి ఆపబోయాడు, ఆమె ఆగలేదు. ఆయన నవ్వు కొంచెం కొంచెంగా సన్నబడింది.

"ఇంకోటి అడుగు," అంది వజ్రమ్మ. "లోపలి బొమ్మ అంతా రికార్డయింది గదా, వాడిదీ నాదీ. కూర్చుని చూస్తాడా?"

ఎల్డన్ భుజాలు ఎగరేసి ఏదో అన్నాడు.

"ఆరు నెలల బొమ్మ చూసే తీరిక ఎవరికుంటుంది అంటున్నారు," అంది నాగలత.

"చూసే తీరిక లేనోడు, బతకమని జనాన్ని ఏ మొహంతో పంపుతాడే?"

నాగలత అదీ చెప్పింది. చెప్పడం అయ్యాక గది చుట్టూ ఉన్నవాళ్ళలో పరీక్షలు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. ఎల్డన్ పలకలోకి చూసుకున్నాడు.

"సరే, బొమ్మ వద్దు. యంత్రం ఆపేసే ఉంది గదా, లోపలికి ఒక్క అడుగు రమ్మను," అంది వజ్రమ్మ. "తెర కింద వాడు గీసిన గీతలున్నాయి. చేత్తో తడిమి చూడమను. అంతకంటే ఏమీ అడగను."

నాగలత ఆ మాట చెప్పి, తానే ముందు లోపలికి పోయింది. పోయి తెర కింద కూర్చుంది. రేకు మీద వేలు పెట్టి, ఆ గీతల్లో ఒకదాని వెంట కింది దాకా పోనిచ్చింది. తాను పోట్లాడి పెట్టించిన తెర అది. తర్వాత మెడలోని ఉద్యోగపు కార్డు తీసి ఆ ఎండిన నెత్తురు పక్కన నేల మీద పెట్టింది. "ఈ తలుపు నేనింక మూయను," అని ముందు ఆ దేశపు భాషలో అంది, తర్వాత తల్లి కోసం తెలుగులో అంది.

ఎల్డన్ గడప దాకా వచ్చాడు. తలుపు మీది దీపం ఆరిపోయి ఉంది. యంత్రం చల్లబడి ఉంది. అది ఎవరికంటే ఆయనకే బాగా తెలుసు. తన మనుషులంతా చూస్తున్నారు. ఒక కాలు కొంచెం లేపి, చేతి గడియారం వంక చూసుకుని, మళ్ళీ అక్కడే పెట్టాడు.

గుమస్తా లేచాడు. నిదానంగా వచ్చి ఆయన బూట్లు వాసన చూశాడు, ఒకటి తర్వాత ఒకటి. చూసి, గడప మీద అడ్డంగా కూర్చున్నాడు. పక్కకు జరగలేదు. జరగమని ఎల్డనూ అడగలేదు.